ర్యాప్ ఆల్బం ఎలా చేయాలి: తొలి డెమో నుంచి విడుదల రోజు దాకా

"పదిహేను పాటలు రాసుకున్నాను, బీట్లు (ర్యాప్ వెనక నడిచే సంగీతం) దొరికాయి, మైకు కొన్నాను. ఇక ఆల్బం ఎలా బయటికి తేవాలి?" ఈ ప్రశ్న నాకు వస్తూనే ఉంటుంది. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను. లేబుల్ (మ్యూజిక్ కంపెనీ) వెనకాల లేకుండా సొంతంగా ఆల్బం చేసుకునేవాళ్ల కోసమే ఇది.

మొదలుపెట్టే ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి. ఆల్బంలో చాలావాటిని తర్వాత సరిదిద్దుకోవచ్చు. మిక్స్ (గొంతు, బీట్ కలిపి సర్దే పని) నచ్చకపోతే మళ్లీ చేయించుకోవచ్చు, కవర్ మార్చుకోవచ్చు, విడుదల తేదీ వెనక్కి జరపవచ్చు. తర్వాత బాగుపడనివి రెండే: పాడైన గొంతు రికార్డింగ్, కాగితం మీద లేని హక్కులు. అందుకే ఈ రెండింటి దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, మిగతావి త్వరగా దాటేస్తాను.

కావలసినవి

- మైకు. గదిలో మాట మోగుతుంటే డైనమిక్ మైకు తీసుకోండి. గదిని మెత్తగా, నిశ్శబ్దంగా చేసుకోగలిగితే కండెన్సర్ మైకు. కండెన్సర్‌కు 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కావాలి, అది ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె) నుంచి వస్తుంది.
- ఆడియో ఇంటర్‌ఫేస్, ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్, స్టాండ్, పాప్ ఫిల్టర్. మైకును చేత్తో పట్టుకుని రికార్డ్ చేయకండి. వేళ్ల రాపిడి మొత్తం టేకులోకి వచ్చేస్తుంది.
- చెవులను పూర్తిగా మూసే క్లోజ్డ్ బ్యాక్ హెడ్‌ఫోన్స్.
- రికార్డింగ్ సాఫ్ట్‌వేర్. రీపర్, ఎఫ్‌ఎల్ స్టూడియో, ఏబుల్టన్ లైవ్, లాజిక్, ఏదైనా సరే. బొత్తిగా డబ్బు లేకపోతే బ్యాండ్‌ల్యాబ్‌తో మొదలుపెట్టవచ్చు. ఏది వాడినా ఆల్బం మొత్తం దానిలోనే చేయండి.
- బ్యాకప్‌కు రెండు చోట్లు: ఒక బయటి డ్రైవ్, ఒక క్లౌడ్ ఖాతా.
- "ఒప్పందాలు" అని పేరు పెట్టిన ఒక ఫోల్డర్. చాలామంది దగ్గర లేనిది ఇదే.

1. ముందు ఫోన్‌లో డెమోలు చేయండి, తర్వాత సగం తీసేయండి

పెద్ద స్ట్రీమింగ్ సేవల లెక్కలో సాధారణంగా ఏడు పాటలైనా ఉండాలి, లేదా మొత్తం నిడివి 30 నిమిషాలు దాటాలి. అప్పుడే అది ఆల్బం. నాలుగు నుంచి ఆరు పాటలతో అరగంట లోపు ఉంటే ఈపీ (చిన్న ఆల్బం) కింద పడుతుంది. పాటలు ఎక్కువైతే ఆల్బం గొప్పదైపోదు. పది మంచి పాటలు కావాలంటే పద్దెనిమిది, ఇరవై డెమోలు (కచ్చా రికార్డింగులు) చేసి ఏరుకోండి.

నిడివిని ముందే లెక్క వేసుకోవచ్చు. ఇక్కడ బీట్ అంటే వెనక సంగీతం కాదు, తాళంలో ఒక దెబ్బ. అలాంటి నాలుగు బీట్లు కలిస్తే ఒక బార్. టెంపో 90 బీపీఎం (నిమిషానికి 90 బీట్లు) అయితే 16 బార్ల వర్స్ (చరణం) దాదాపు 43 సెకన్లు పడుతుంది. మూడు వర్సులు, మధ్యలో 8 బార్ల హుక్ (పల్లవి) మూడుసార్లు, అంటే 72 బార్లు. పాట 3 నిమిషాల 12 సెకన్లు. ఇంట్రో, అవుట్రో దీనికి అదనం. రాసుకున్న కాగితం చూసి ఈ లెక్క వేస్తే ఏ పాట సాగుతోందో రికార్డింగ్‌కు ముందే తెలిసిపోతుంది.

ఏరడానికి నేను వాడే పద్ధతి ఇది. డెమోలన్నీ రెండు వారాలు వినకుండా పక్కన పెట్టండి. తర్వాత బీట్ లేకుండా, ఉత్త గొంతుతో ప్రతి వర్స్ నోటికి చెప్పుకోండి. బీట్ తీసేయగానే చప్పబడిపోయిన వర్స్ ఉంటే తిరగరాయండి, లేదా వదిలేయండి. అంత్యప్రాస కోసం అర్థాన్ని బలిచ్చిన పంక్తులు ఇక్కడే దొరికిపోతాయి.

2. బీట్ హక్కులు తేలకుండా ఫైనల్ వర్స్ రికార్డ్ చేయకండి

ఆన్‌లైన్‌లో కొనే బీట్లు రెండు రకాలు. లీజు తీసుకుంటే అదే బీట్‌ను ఇంకా ఎంతమందికైనా అమ్ముకునే హక్కు ప్రొడ్యూసర్ (బీట్ తయారుచేసినవాడు) దగ్గరే ఉంటుంది. ఎక్స్‌క్లూజివ్ తీసుకుంటే ఆ తర్వాత దాన్ని ఇంకెవరికీ అమ్మకూడదు. లీజు తప్పేమీ కాదు, తొలి ఆల్బంలో చాలామంది లీజుతోనే నెట్టుకొస్తారు. కాకపోతే కొనేముందు ఒప్పందంలో ఈ ఐదు చూడండి:

- ఎన్ని స్ట్రీమ్‌ల దాకా అనుమతి ఉంది? దాటితే ఏం చేయాలి?
- గడువు ఉందా? ఉంటే ఆ తర్వాత పాట దించేయాలా?
- వీడియో తీయడానికి, వేదిక మీద పాడటానికి అనుమతి ఉందా?
- మీరు లీజుకు తీసుకున్నాక ఎవరైనా ఎక్స్‌క్లూజివ్ కొంటే మీ లీజు నిలుస్తుందా?
- స్టెమ్స్ ఇస్తున్నారా, లేక ఒకే స్టీరియో ఫైలా? స్టెమ్స్ అంటే కిక్ (బరువైన డ్రమ్ దెబ్బ), బేస్, మెలొడీ విడివిడిగా ఉన్న ఫైళ్లు.

"ఉచితం" అని పెట్టిన బీట్లతో మరీ జాగ్రత్త. చాలావాటికి ఆదాయం రాని వాడకానికి మాత్రమే అనుమతి ఉంటుంది. స్ట్రీమింగ్‌లో పెట్టిన క్షణం నుంచే అది ఆదాయం వచ్చే వాడకం కిందికి వస్తుంది.

నాకు జరిగింది చెబుతాను. తొలి ఆల్బంలో ఒక బీట్‌కు చాట్‌లో "వాడుకో, పర్లేదు" అన్న మాట తప్ప ఇంకేమీ తీసుకోలేదు. విడుదలైన రెండు నెలలకు అదే బీట్‌ను ఆ ప్రొడ్యూసర్ వేరొకరికి ఎక్స్‌క్లూజివ్‌గా అమ్మేశాడు. పాట దించాల్సి వచ్చింది. అప్పటికే అది ఆల్బంలో ఎక్కువమంది వింటున్న పాట. కొత్త బీట్ మీద మళ్లీ పాడాను కానీ, తొలి రికార్డింగ్‌లో ఉన్న కసి రెండోసారి రాలేదు. అప్పటినుంచి సంతకం లేని బీట్ మీద డెమో తప్ప ఇంకేమీ చేయడం లేదు.

ఇక శాంపిళ్లు. పాత పాటలోంచి ముక్క తీసి బీట్‌లో వాడితే రెండు అనుమతులు కావాలి: రచన, బాణీ ఎవరివో వాళ్లది ఒకటి, ఆ రికార్డింగ్ ఎవరి చేతిలో ఉందో వాళ్లది ఇంకొకటి. "మూడు నాలుగు సెకన్లయితే ఫర్వాలేదు" అన్న మాట మీద ఆధారపడకండి, అలాంటి నియమం లేదు. 1991లో అమెరికా ర్యాపర్ బిజ్ మార్కీ ఒక పాత పాట శాంపిల్‌ను అనుమతి లేకుండా వాడినందుకు అమెరికా కోర్టు తప్పు పట్టింది, ఆల్బం అమ్మకాలు ఆగిపోయాయి. అమెరికా ర్యాప్ బృందం డి లా సోల్ 1989లో తెచ్చిన "3 ఫీట్ హై అండ్ రైజింగ్" హిప్‌హాప్‌లో అంత గొప్ప ఆల్బం. శాంపిళ్ల చిక్కుల వల్ల అది 2023 మార్చి దాకా స్ట్రీమింగ్‌లోకే రాలేదు. పాత ఒప్పందాలు రాసుకున్నప్పుడు స్ట్రీమింగ్ అన్నదే లేదు మరి.

అనుమతి దొరకకపోతే దారులున్నాయి. ఆ బాణీని కొత్తగా వాయించి రికార్డ్ చేసుకుంటే రికార్డింగ్ యజమాని అనుమతి అక్కర్లేదు, రచన హక్కుదారు అనుమతి ఒక్కటే చాలు. లేదా మీ వాద్యకారుడితో అదే మూడ్‌లో కొత్త బాణీ కట్టించుకోండి. రాయల్టీ ఫ్రీ లూపులూ (మళ్లీ మళ్లీ డబ్బు కట్టనక్కర్లేని రెడీమేడ్ సంగీతపు ముక్కలు) వాడవచ్చు. అయితే అదే లూప్ వందలమంది పాటల్లో ఉంటుంది కాబట్టి దాన్ని కోసి, పిచ్ మార్చి, తిప్పి వాడండి.

సరిచూసుకోవడం: ప్రతి పాట పేరు పక్కన "బీట్ ఒప్పందం ఉంది, శాంపిల్ లేదు లేదా అనుమతి వచ్చింది" అని రాయగలుగుతున్నారా? ఏ పాట దగ్గర కలం ఆగిందో ఆ పాట ఇంకా ఆల్బంలో లేనట్టే లెక్క.

3. స్ప్లిట్ షీట్ ఆ రోజే రాసుకోండి

ఎవరు ఏం చేశారు, ఎవరికి ఎంత శాతం అన్న కాగితమే స్ప్లిట్ షీట్. పాటకు ఒక పేజీ చాలు. అందులో రెండు లెక్కలు విడివిడిగా ఉండాలి: రచన వాటా ఒకటి, రికార్డింగ్ వాటా ఒకటి. దేనికదే మొత్తం 100 రావాలి. అసలు పేర్లు, రంగస్థల పేర్లు, హక్కుల సంఘంలో (రచన రాయల్టీలు వసూలు చేసే సంస్థలో) సభ్యత్వం ఉంటే ఆ వివరం, సంతకం, తేదీ.

గెస్ట్ వర్స్ ఇచ్చిన స్నేహితుడి దగ్గర కాగితం తీయాలంటే మొహమాటంగా ఉంటుంది, నిజమే. అయినా స్టూడియోలో అందరూ సంతోషంగా ఉన్న ఆ సాయంత్రమే అడగండి. పాట నాలుగు డబ్బులు తెచ్చాక అడిగితే ఒక్కొక్కరికి ఒక్కో జ్ఞాపకం ఉంటుంది. హుక్ పాడిన గాయని రెండు పంక్తుల బాణీ మార్చిందా? ఆమెకూ రచనలో వాటా ఇవ్వాలా వద్దా అన్నది అక్కడే మాట్లాడుకోండి.

4. గదిని సిద్ధం చేయండి

గది మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. వెనకాలే "ట్రింగ్" మని లోహపు శబ్దం వచ్చిందంటే మీ గొంతు వెనక కూడా అదే వస్తుంది. ఆ మోతను సాఫ్ట్‌వేర్‌కు జోడించుకునే ఏ ప్లగిన్నూ పూర్తిగా తీయలేదు.

చాలామంది నురగ పలకలను మైకు వెనక గోడకు అంటిస్తారు. కార్డియాయిడ్ మైకు తన వెనక నుంచి వచ్చే శబ్దాన్ని తక్కువగా తీసుకుంటుంది, మీ వైపు నుంచి వచ్చేదాన్ని ఎక్కువగా తీసుకుంటుంది. అంటే అడ్డం కావలసింది మీ వీపు వెనక. మందపాటి దుప్పట్లు కానీ బొంతలు కానీ మీ వెనకా, రెండు పక్కలా వేలాడదీయండి. బట్టలు నిండుగా ఉన్న అల్మారా తలుపులు తెరిచి, దానికి వీపు పెట్టి నిలబడినా బాగానే పనిచేస్తుంది. ఫ్యాన్, ఏసీ ఆపండి. కంప్యూటర్‌ను దూరంగా జరపండి.

నచ్చిన చోటు దొరికాక నేలమీద టేపు అంటించి మీ పాదాల గుర్తు పెట్టుకోండి. మైకు ఎత్తు, ఇంటర్‌ఫేస్ మీద గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే) గుండీ ఎక్కడుందో ఫోటో తీసుకోండి. మూడు వారాల తర్వాత ఒక పంక్తి మళ్లీ పాడాల్సి వస్తే ఈ ఫోటో ఒక్కటే మిమ్మల్ని కాపాడుతుంది.

5. గొంతు రికార్డింగ్

సెట్టింగులు: 24 బిట్, 44.1 లేదా 48 కిలోహెర్ట్జ్. ఏదో ఒకటి ఎంచుకుని ఆల్బం అంతా అదే ఉంచండి. బీట్‌ను ఎంపీ3గా కాకుండా వేవ్ ఫైల్‌గా తీసుకోండి. సాఫ్ట్‌వేర్‌లో టెంపో సరిగ్గా పెట్టి, బీట్ మొదటి కిక్‌ను బార్ గీత మీద కూర్చోబెట్టండి. ఇది చేయకపోతే తర్వాత డిలే (ప్రతిధ్వని), ఎడిటింగ్ ఏదీ తాళంలో పడదు.

లెవెల్: మీరు ఎంత గట్టిగా అరుస్తారో అంత గట్టిగా ఒక వర్స్ చెప్పి చూడండి. మీటర్ శిఖరాలు మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఆడాలి. ఎర్రదీపం వెలిగిన టేకు ఎంత బాగున్నా పనికిరాదు. చిన్నగా రికార్డైతే పెంచుకోవచ్చు, పగిలితే అతకలేం.

దూరం: నోటికీ మైకుకీ మధ్య 15 నుంచి 20 సెంటీమీటర్లు, అంటే దాదాపు ఒక జానెడు. దగ్గరికి జరిగేకొద్దీ గొంతు బరువెక్కుతుంది. ఒక్క వర్స్‌లోనే ముందుకీ వెనక్కీ ఊగితే గొంతు రంగు పంక్తికో రకంగా ఉంటుంది. ప, బ, భ అక్షరాల దగ్గర గాలి తన్నుతుంటే పాప్ ఫిల్టర్ ఉన్నా సరే మైకును కొంచెం పక్కకు తిప్పండి. స, శ, ష మరీ కొట్టొచ్చినట్టు వినిపిస్తుంటే మైకును నోటికి కొద్దిగా పైన పెట్టి, మీ వైపుకు వంచండి.

మీ గొంతు హెడ్‌ఫోన్స్‌లో ఆలస్యంగా వినిపిస్తుంటే సాఫ్ట్‌వేర్ ఆడియో సెట్టింగుల్లో బఫర్‌ను 128కో 64కో తగ్గించండి, లేదా ఇంటర్‌ఫేస్‌లో డైరెక్ట్ మానిటరింగ్ (కంప్యూటర్ దాకా వెళ్లకుండా గొంతు నేరుగా వినిపించడం) ఆన్ చేయండి. ఆలస్యాన్ని భరిస్తూ చెప్పిన వర్స్ తాళానికి వెనకబడుతుంది, మీకు మాత్రం సరిగ్గానే ఉన్నట్టు అనిపిస్తుంది.

ఇక పద్ధతి:

అ) వర్స్ కంఠతా రావాలి. ఫోన్ చూసి చదివితే చదువుతున్నట్టే వినిపిస్తుంది, దీన్ని ఏ మిక్స్ ఇంజినీరూ దాచలేడు. కాగితం మీద ఊపిరి ఎక్కడ తీసుకోవాలో గీతలు పెట్టుకోండి. ఊపిరి అందని పంక్తి ఉంటే పదాలు తగ్గించండి, వేదిక మీదా అదే పంక్తి చెప్పాలి కదా.

ఆ) మొదలు నుంచి చివరిదాకా మూడు, నాలుగు పూర్తి టేకులు చేయండి. ఆ తర్వాతే బాగా రాని పంక్తులను పంచ్ ఇన్ చేయండి, అంటే ఆ చోటు వరకే మళ్లీ రికార్డ్ చేయండి. పంచ్ చేసేటప్పుడు రెండు పంక్తుల ముందు నుంచే చెబుతూ రండి, అప్పుడే ఊపు కలుస్తుంది.

ఇ) డబుల్స్. ప్రాస పడే చివరి మాటలను, బరువైన పంక్తులను రెండోసారి చెప్పి వేరే ట్రాక్‌లో పెట్టండి. మొత్తం వర్స్‌ను డబుల్ చేయకండి. అన్నీ నొక్కి చెబితే ఏదీ నొక్కి చెప్పినట్టు ఉండదు. మొదటి ట్రాక్‌ను కాపీ చేసి అతికిస్తే డబుల్ కాదు, శబ్దం పెరుగుతుంది అంతే.

ఈ) యాడ్‌లిబ్స్ (పంక్తుల మధ్య పడే కేకలు, చిన్న మాటలు) చివర్లో, ఇంకో రోజైనా సరే. మైకుకు కాస్త దూరంగా నిలబడి, గొంతు మార్చి చేయండి.

ఉ) వెళ్లిపోయే ముందు పది సెకన్లు ఏమీ మాట్లాడకుండా గది నిశ్శబ్దాన్ని రికార్డ్ చేయండి. నాయిస్ తీయాల్సి వస్తే, అతుకుల మధ్య ఖాళీలు నింపాల్సి వస్తే ఇదే అక్కరకొస్తుంది.

సరిచూసుకోవడం: బీట్ మ్యూట్ చేసి గొంతు ట్రాక్ ఒక్కటే వినండి. హెడ్‌ఫోన్స్ నుంచి బీట్ కారి మైకులోకి వచ్చిందా? కుర్చీ కిర్రుమందా? పదాల చివరలు మింగేశారా? ముఖ్యంగా ఒత్తులు, పొల్లులు వేగంలో ఎగిరిపోతాయి. ఇవన్నీ ఆ రోజే వినాలి, గొంతు అదే స్థితిలో ఉండగానే మళ్లీ చెప్పాలి.

6. ఎడిటింగ్

మంచి పంక్తులు ఏరి ఒక ట్రాక్‌గా కూర్చండి, ప్రతి అతుకు దగ్గర చిన్న క్రాస్‌ఫేడ్ (ఒక ముక్క తగ్గుతూ ఇంకోటి పెరగడం) వేయండి. ఊపిరి శబ్దాలను పూర్తిగా కోసేయకండి, సగానికి తగ్గించండి చాలు. ఊపిరే లేని ర్యాప్ మనిషి చెప్పినట్టు ఉండదు. డబుల్స్‌లో పదాల చివరలు లీడ్‌తో (అసలు గొంతు ట్రాక్‌తో) సరిగ్గా కలవాలి. లేకపోతే ప్రతి "ట", "స" రెండుసార్లు టపటపమని వినిపిస్తుంది.

7. మిక్స్

మీరే చేసుకోవచ్చు, వేరేవాళ్లకు ఇవ్వవచ్చు. ఇచ్చేటట్టయితే అన్ని ట్రాకులూ ఒకే సున్నా బిందువు నుంచి మొదలయ్యేలా ఎగుమతి చేసి, ట్రాక్ పేర్లు స్పష్టంగా పెట్టి, టెంపో రాసి పంపండి. "ఆడియో 17" అన్న పేరుతో ఫైలు పంపితే మీరు డబ్బిచ్చి కొన్న గంట దాన్ని వెతకడానికే పోతుంది.

మీరే చేసుకుంటే గొంతుకు ఈ వరస దాదాపు ఎప్పుడూ పనిచేస్తుంది. 80 నుంచి 100 హెర్ట్జ్ కింద ఉన్నది కోసేయండి. గొంతు బురదగా ఉంటే 200 నుంచి 400 మధ్య రెండు మూడు డెసిబెల్స్ తగ్గించండి. ఒకే కంప్రెసర్‌ను (గొంతు హెచ్చుతగ్గులను సర్దే ప్లగిన్) పిండి పిండి వాడే బదులు రెండింటిని వరసగా తేలికగా పెట్టండి. స, శ కొట్టుకుంటుంటే 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ దగ్గర డీఎస్సర్ (ఆ శబ్దాలను తగ్గించే ప్లగిన్). రివర్బ్ కొద్దిగానే. ర్యాప్‌లో మాట ముందు నిలబడాలి, పెద్ద హాల్లోంచి వస్తున్నట్టు ఉండకూడదు. లోతు కావాలంటే టెంపోకు కట్టిన చిన్న డిలే మేలు.

బీట్ ఒకే స్టీరియో ఫైల్‌గా వస్తే ఎక్కువమంది చేసే తప్పు ఒకటుంది. ఆ ఫైలు అప్పటికే గట్టిగా మాస్టర్ అయి, అంటే శబ్దం చివరిదాకా పెంచి ఉంటుంది. దాని మీద గొంతు వినబడాలని గొంతును పెంచుకుంటూ పోతారు, మొత్తం పగిలిపోతుంది. ముందు బీట్‌నే ఆరు డెసిబెల్స్ దించండి. తర్వాత బీట్‌లో 1 నుంచి 3 కిలోహెర్ట్జ్ మధ్య ఒకటి రెండు డెసిబెల్స్ తగ్గించి గొంతుకు చోటివ్వండి. స్టెమ్స్ ఉంటే 808 బేస్ (డ్రమ్ మెషిన్ నుంచి వచ్చే లోతైన బేస్), కిక్ రెండూ ఒకేచోట తన్నుకుంటున్నాయేమో చూడండి. కిక్ పడినప్పుడు బేస్ క్షణం తగ్గేలా సైడ్‌చెయిన్ పెట్టండి.

సరిచూసుకోవడం. ఫోన్ స్పీకర్‌లో, కారులో, చవక ఇయర్‌ఫోన్స్‌లో వినండి. మోనోలో పెట్టి వినండి, డబుల్స్ మాయమైతే ఫేజ్ తేడా ఉన్నట్టు, అంటే రెండు ట్రాకులు ఒకదాన్నొకటి కొట్టేస్తున్నట్టు. చాలా చిన్న శబ్దంలో కూడా గొంతు, స్నేర్ (పదునైన డ్రమ్ దెబ్బ) వినిపించాలి. ఇక నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష: మీ సాహిత్యం ఎప్పుడూ చూడని మనిషికి పాట ఒక్కసారి వినిపించి, వినబడిన మాటలు రాయమనండి. వాళ్లు తప్పు రాసిన పంక్తిని మీరు సరిగ్గానే వింటున్నారంటే కారణం చెవి కాదు, అది మీకు కంఠతా వచ్చు కాబట్టి.

ఫైనల్ మిక్స్ తీసిన రోజే, అదే సెషన్ నుంచి ఇంకో మూడు ఫైళ్లు తీసుకోండి: ఇన్‌స్ట్రుమెంటల్, గొంతు మాత్రమే ఉన్న అకపెల్లా, వేదిక కోసం లీడ్ గొంతు లేకుండా హుక్, యాడ్‌లిబ్స్ మాత్రమే ఉన్న షో ట్రాక్. ఆరు నెలల తర్వాత ఆ సెషన్ తెరిస్తే ఒక ప్లగిన్ లైసెన్స్ అయిపోయి ఉంటుంది.

8. క్లీన్ వెర్షన్

బూతులు ఉన్న పాటకు రేడియో వెర్షన్ కావాలంటే దాన్ని మిక్స్‌లోనే చేయాలి. మాస్టర్ ఫైల్ మీద మ్యూట్ పెడితే బీట్ కూడా ఆగుతుంది. లీడ్‌లో మాట తీసేసి డబుల్‌లో, యాడ్‌లిబ్‌లో, డిలే తోకలో మర్చిపోవడం చాలా మామూలుగా జరుగుతుంది. తీసేశాక హెడ్‌ఫోన్స్‌తో ఆ చోటు మాత్రమే వినండి.

9. వరస, మాస్టరింగ్

మాస్టరింగ్‌కు (విడుదలకు ముందు చివరి శబ్ద సర్దుబాటుకు) పంపే మిక్స్ మీద లిమిటర్ (శబ్దాన్ని ఒక హద్దు దాటనివ్వని ప్లగిన్) తీసేయండి, 24 బిట్ వేవ్ ఇవ్వండి. పాటలను ఒక్కొక్కటిగా కాకుండా అన్నీ కలిపి ఒకరి చేతే చేయించండి. ఒక పాట నుంచి ఇంకో పాటకు వెళ్తే గొంతు ఎత్తు మారకూడదు.

ఎంత బిగ్గరగా ఉండాలి అన్నది అందరూ అడుగుతారు. స్పాటిఫై మామూలు సెట్టింగులో పాటలను మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (బిగ్గరతనానికి కొలత) దగ్గరికి సర్దుతుంది. మీరు మైనస్ 7కి నలిపి పంపినా అది దించేస్తుంది, నలిగిన దెబ్బ మాత్రం పాటలో మిగిలిపోతుంది. అలాగని సరిగ్గా మైనస్ 14కే చేయాలనీ లేదు. కిక్ దెబ్బ చావకుండా ఎంత వస్తే అంత. ట్రూ పీక్ (శబ్దపు అసలు శిఖరం) మైనస్ 1 డెసిబెల్ దాటనివ్వకండి.

వరస గురించి: తొలి మూడు పాటల్లో మీ గొంతు ఎలాంటిదో వినేవాళ్లకు తెలియాలి. నిమిషంన్నర స్కిట్‌తో ఆల్బం మొదలుపెట్టకండి. ఒకే టెంపో పాటలు పక్కపక్కన రెండు ఫర్వాలేదు, మూడైతే మూడోది వినబడదు. వినైల్ (గ్రామఫోన్ రికార్డు) కూడా తేవాలనుకుంటే 12 అంగుళాల రికార్డు ఒక్కో వైపు 20 నిమిషాల దగ్గర ఆగండి. అంతకు మించితే శబ్దం పలచబడుతుంది. వినైల్ అచ్చుకు నెలలు పట్టవచ్చు కాబట్టి డిజిటల్ విడుదలను దానికి ముడిపెట్టకండి.

10. వివరాలు, కవర్, పంపిణీ

స్ట్రీమింగ్‌కు మీరు నేరుగా పాట పంపలేరు. డిస్ట్రోకిడ్, ట్యూన్‌కోర్, సీడీ బేబీ లాంటి పంపిణీ సంస్థ కావాలి. ఎంచుకునేటప్పుడు ఒక్క ప్రశ్న గట్టిగా అడగండి: చందా కట్టడం ఆపేస్తే పాటలు ఉంటాయా, దిగిపోతాయా? కొన్నిచోట్ల ఏటా చందా, కొన్నిచోట్ల ఒక్కసారి రుసుము.

- ఆల్బం మొత్తానికి ఒక యూపీసీ (ఆల్బం గుర్తింపు సంఖ్య), ప్రతి పాటకు ఒక ఐఎస్‌ఆర్‌సీ (రికార్డింగ్ గుర్తింపు సంఖ్య). ఐఎస్‌ఆర్‌సీలో 12 అక్షరాలు, అంకెలు ఉంటాయి. ముందే సింగిల్‌గా వచ్చిన పాటను ఆల్బంలో పెట్టేటప్పుడు అదే పాత ఐఎస్‌ఆర్‌సీ, అదే ఆడియో ఫైలు ఇవ్వండి. కొత్త సంఖ్య ఇస్తే సింగిల్‌కు వచ్చిన వినికిడి లెక్క ఆల్బంలోకి రాదు. క్లీన్ వెర్షన్‌కు మాత్రం వేరే సంఖ్య.
- గెస్ట్ ఆర్టిస్ట్ పేరును దానికోసం ఉన్న గడిలోనే రాయండి. పాట పేరులో ఇరికించకండి.
- రచయితల గడిలో అసలు పేర్లు. స్ప్లిట్ షీట్ ముందు పెట్టుకుని నింపండి.
- బూతు ఉన్న ప్రతి పాటకు ఎక్స్‌ప్లిసిట్ గుర్తు.
- కవర్ చదరంగా, 3000 బై 3000 పిక్సెళ్లు, ఆర్‌జీబీ రంగుల్లో. దాని మీద వెబ్ చిరునామా, ధర, ఏ సంస్థ లోగో ఉన్నా తిప్పి పంపుతారు. ఇంటర్నెట్‌లో దొరికిన ఫోటో వాడితే అదీ శాంపిల్ లాంటిదే, అనుమతి కావాలి.
- లీజు బీట్ పాటకు యూట్యూబ్ కంటెంట్ ఐడీ (ఆడియోను గుర్తుపట్టి క్లెయిమ్ వేసే వ్యవస్థ) పెట్టకండి. అదే బీట్ లీజుకు తీసుకున్న మిగతావాళ్ల వీడియోల మీదకి మీ పేరుతో క్లెయిములు వెళ్తాయి.

రచన రాయల్టీలు పంపిణీ సంస్థ ద్వారా పూర్తిగా రావు. మీ దేశంలోని హక్కుల సంఘంలో సభ్యులై పాటలు నమోదు చేసుకోండి.

11. తేదీ పెట్టుకోవడం

2015 జులై 10 నుంచి ప్రపంచమంతటా కొత్త సంగీతానికి శుక్రవారమే విడుదల రోజు. మాస్టర్లు, కవర్, ఒప్పందాలు అన్నీ చేతిలోకి వచ్చాకే తేదీ ప్రకటించండి. ముందు తేదీ చెప్పేసి తర్వాత మిక్స్‌తో పరిగెత్తడం నేను చూసిన తప్పుల్లో అన్నిటికన్నా ఎక్కువ ఆల్బంలను పాడుచేసింది.

విడుదలకు నాలుగు వారాల ముందు ఫైళ్లు ఎక్కించండి. స్పాటిఫై ఫర్ ఆర్టిస్ట్స్ (కళాకారుల ఖాతా) లోంచి ప్లేలిస్ట్ ఎడిటర్లకు ఒక పాట పంపవచ్చు. కనీసం ఏడు రోజుల ముందు పంపితే మిమ్మల్ని ఫాలో అయ్యేవాళ్ల రిలీజ్ రాడార్ (కొత్త పాటల ప్లేలిస్ట్) లోకి అదే పాట వెళ్తుంది. ఆల్బం నుంచి ఒకేసారి ఒక్క పాటకే అవకాశం కాబట్టి, మీకు ఇష్టమైనది కాకుండా మిమ్మల్ని తెలియనివాళ్లు ముప్పై సెకన్లలో పట్టుకోగలిగేది ఎంచండి. ఆల్బంకు ముందు ఒకటి రెండు సింగిళ్లు, మధ్యలో మూడు నాలుగు వారాల ఎడంతో తేవడం మంచిది.

స్ట్రీమ్‌లు అమ్ముతామని వచ్చేవాళ్లను దగ్గరికి రానివ్వకండి. దొంగ వినికిడి పట్టుబడితే పాట దించేస్తారు, జరిమానా కూడా మీదాకా రావచ్చు. 2024 నుంచి స్పాటిఫైలో గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 స్ట్రీమ్‌లు ఉన్న పాటకే రాయల్టీ లెక్క కడుతున్నారు. ఆ వెయ్యి నిజమైన చెవులే కావాలి.

12. విడుదల రోజు ఉదయం

పోస్టులు పెట్టే ముందు గంటసేపు ఇది చేయండి. ప్రతి సేవలోనూ ఆల్బం తెరిచి మొదటి పాట నుంచి చివరిదాకా వినండి. వరస సరిగా ఉందా? ఏదైనా పాట మధ్యలో తెగిందా? క్లీన్ ఫైలు, అసలు ఫైలు తారుమారయ్యాయా? గెస్ట్ పేరు నొక్కితే వాళ్ల పేజీకే వెళ్తోందా? మీ ఆల్బం మీ పేరే ఉన్న వేరే కళాకారుడి పేజీలో పడిందా? ఇలా చాలా తరచుగా జరుగుతుంది, పంపిణీ సంస్థకు రాస్తే సరిచేస్తారు. కానీ ఆడియో ఫైలు తప్పైతే అంత తేలిక కాదు. చాలాచోట్ల పాట దించి మళ్లీ ఎక్కించాలి. అందుకే ఈ మొత్తం వినడం ఫైళ్లు ఎక్కించిన రోజే ఒకసారి చేసి ఉండాలి.

తర్వాత ఆల్బం ఫోల్డర్‌ను మూడు కాపీలు చేయండి, అందులో ఒకటి మీ ఇంట్లో కాకుండా వేరేచోట ఉండాలి. గొంతు ట్రాకులు ఎఫెక్టులు లేకుండా, ఎఫెక్టులతో, రెండు రకాలుగా వేవ్ ఫైళ్లలో ఉండాలి. మాస్టర్లు, షో ట్రాకులు, కవర్ అసలు ఫైలు, సాహిత్యం, ఐఎస్‌ఆర్‌సీ జాబితా, స్ప్లిట్ షీట్లు, బీట్ ఒప్పందాలు కూడా అక్కడే. ఒక కాపీని వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. అన్నీ తెరుచుకుంటే అప్పుడు వెళ్లి పోస్ట్ పెట్టండి.